ముకర్రం జా మేనమామ: తిరిగి రానివ్వని ఊరికి తిరిగి వచ్చిన రాకుమారుడు

2023 జనవరి 14న ముకర్రం జా ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. భౌతికకాయాన్ని హైదరాబాద్ తీసుకొచ్చారు. ప్రభుత్వ లాంఛనాలతో మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు. ఏడో నిజాం మనవడు అంత దూరంలో, ఆ ఊళ్లో ఎందుకున్నాడని అప్పుడు చాలామంది అడిగారు. దానికి జవాబు ఆయన తల్లి వైపు ఉంది. తల్లి దుర్రు షెహవార్ టర్కీని ఏలిన ఒట్టోమన్ రాజవంశపు ఆడపడుచు, చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు. పురానీ హవేలీలో ఆమె పేరుతో పిల్లల ఆస్పత్రి ఉంది కాబట్టి ఆమె పేరు హైదరాబాదీలకు కొత్త కాదు. ఆమెతోపాటు ఈ ఊరికి కోడలిగా వచ్చిన నీలోఫర్ పేరైతే రెడ్ హిల్స్ వైపు వెళ్లే ప్రతి ఆటో డ్రైవర్‌కూ తెలుసు.

దుర్రు షెహవార్‌కు ఒక అన్న ఉన్నాడు. తండ్రి ఒకరే, తల్లులు వేరు. పేరు ఒమర్ ఫారూక్. ముకర్రం జాకు మేనమామ. ఇస్తాంబుల్‌లో పుట్టి, ఇస్తాంబుల్ కోసం తపించి, 45 ఏళ్లు ఆ ఊళ్లో అడుగు పెట్టడానికి వీల్లేక కైరోలో చనిపోయాడు. రాజ్యం ఏలలేదు, పెద్ద యుద్ధాలేవీ గెలవలేదు, చరిత్ర పుస్తకాల్లో ఆయనకు దక్కేది ఒకటి రెండు వాక్యాలే. అయినా 1924లో టర్కీ చేసిన ఒక చట్టం ఏం చేసిందో తెలియాలంటే, సుల్తానుల కథల కంటే ఈ చిన్న రాకుమారుడి కథే ఎక్కువ చెబుతుంది.

ఒట్టోమన్ ఇంట్లో రాకుమారుడిగా పుట్టడం మనం అనుకునేంత అదృష్టం కాదు. మొదట్లో గద్దెనెక్కినవాడు తన అన్నదమ్ముల్ని చంపించడం ఆనవాయితీ. 1595లో మూడో మెహ్మద్ సింహాసనం ఎక్కుతూనే తన 19 మంది తమ్ముళ్లను చంపించాడు. అప్పటికే చనిపోయిన తండ్రితో పాటు ఆ పసివాళ్ల శవపేటికలూ కోట దాటాయి. ఈ దారుణం ఇస్తాంబుల్ జనాన్ని కూడా కదిలించింది. 1617లో మొదటి అహ్మద్ చనిపోయాక కొడుకు కాకుండా తమ్ముడు గద్దెనెక్కాడు. ఆ తర్వాత మెల్లగా కొత్త పద్ధతి స్థిరపడింది. వంశంలో బతికున్న మగవాళ్లలో వయసులో పెద్దవాడికే సింహాసనం. మిగతావాళ్లను చంపరు, కానీ రాజభవనంలోనే ఒక మూల బంధించి ఉంచుతారు.

దీంతో ప్రాణాలు దక్కాయి గానీ జీవితాలు దక్కలేదు. వరుసలో ముందున్న అన్నలు, చిన్నాన్నలు, పెదనాన్నలు అందరూ పోయేదాకా ఎదురుచూడాలి. ఐదో మురాద్‌ను 1876లో మూడు నెలల పాలన తర్వాత దించేసి చిరాగాన్ భవనంలో పెట్టారు. 1904లో చనిపోయేదాకా, 28 ఏళ్లు, అక్కడే ఉన్నాడు. ఈ మురాద్ మునిమనవరాలే మన నీలోఫర్. ఐదో మెహ్మద్ రషాద్ 1909లో సుల్తాన్ అయ్యేసరికి 64 ఏళ్లు. చివరి సుల్తాన్ వహీదుద్దీన్‌కు 57.

ఒమర్ ఫారూక్ 1898లో పుట్టాడు. అప్పటి సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్‌కు అందరి మీదా అనుమానమే. రాకుమారుల ఇళ్ల చుట్టూ గూఢచారులుండేవారు. ఫారూక్ తండ్రి అబ్దుల్ మజీద్ ఆ నిఘాలోనే పెరిగాడు. రాజకీయాల దరికి రానివ్వకపోవడంతో కుంచె పట్టాడు, పియానో ముందు కూర్చున్నాడు. మంచి చిత్రకారుడు. అంతఃపురంలో ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి బీథోవెన్ సంగీతం వాయిస్తున్నట్టు ఆయన వేసిన చిత్రం ఇప్పటికీ ఇస్తాంబుల్ మ్యూజియంలో చూడొచ్చు.

1908 విప్లవంతో ఆ నిర్బంధం సడలింది. రాజ్యాంగం తిరిగి వచ్చింది, మరుసటి ఏడాది అబ్దుల్ హమీద్‌ను దించేశారు. కొత్తగా అధికారంలోకి వచ్చిన యువ తుర్కులు రాకుమారులు ఖాళీగా కూర్చోకూడదన్నారు, వాళ్లను సైనిక చదువులకు పంపారు. ఫారూక్ వియన్నాలో చదివాడు, ఆ తర్వాత జర్మనీలో పోట్స్‌డామ్ సైనిక విద్యాలయంలో శిక్షణ పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంతో కలిసి పడమటి రంగంలో వెర్డన్‌లో, తూర్పున గలీషియాలో పోరాడాడు. వెర్డన్ యుద్ధం నడిచిన 1916లో ఆయన వయసు 18. తాత ముత్తాతలు పంజరంలో గడిపిన వయసులో ఈ కుర్రాడు కందకాల్లో ఉన్నాడు. మనిషి అందగాడు, దర్జాగా ఉండేవాడు, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేదని ఆయన్ని ఎరిగినవాళ్లంతా చెప్పిన మాట.

యుద్ధంలో ఓటమి ఎదురైంది. 1918 నవంబర్‌లో బ్రిటిష్, ఫ్రెంచ్, ఇటాలియన్ యుద్ధనౌకలు ఇస్తాంబుల్ మధ్య నుంచి పోయే బోస్ఫరస్ జలసంధిలోకి వచ్చి రాజభవనం ఎదుట లంగరు వేశాయి. ఇస్తాంబుల్ పరాయి సైనికుల చేతిలో పడింది. ఆ రోజుల్లోనే ఫారూక్‌కు సుల్తాన్ వహీదుద్దీన్ కూతురు సబీహాతో పెళ్లి కుదిరింది. 1920 ఏప్రిల్‌లో నిఖా జరిగింది. పెళ్లికూతురు నాలుగేళ్లు పెద్ద. ఇద్దరి తండ్రులూ అన్నదమ్ముల బిడ్డలు, కాబట్టి మన వరుసల లెక్కలో ఈ సంబంధం ఊహకే రాదు. ఒట్టోమన్ ఇంట్లోనూ రాకుమారుడు రాకుమార్తెను చేసుకోవడం అదే మొదలు. పైగా ఆ రెండు శాఖల మధ్య పాత పగ ఉంది. ఫారూక్ తాత సుల్తాన్ అబ్దుల్ అజీజ్‌ను 1876లో పదవి నుంచి దించారు. కొద్ది రోజులకే మణికట్లు తెగి చనిపోయి కనిపించాడు. ఆత్మహత్యా, హత్యా అన్నది వాళ్ల ఇంట్లో ఎప్పటికీ తేలని గొడవ. ఈ పెళ్లితోనైనా రెండు శాఖలూ కలుస్తాయని కొందరు పెద్దలు ఆశపడ్డారు.

ఇక్కడి నుంచి ఫారూక్ పరిస్థితి ఎంత ఇరకాటంలో పడిందో చూడండి. ఆయన మామ సుల్తాన్. ఆ సుల్తాన్ ప్రభుత్వం అంకారాలో ముస్తఫా కెమాల్ నడుపుతున్న జాతీయ పోరాటాన్ని తిరుగుబాటుగా ప్రకటించింది. కెమాల్‌కు మరణశిక్ష కూడా వేసింది. 1920 ఆగస్టులో దేశాన్ని ముక్కలు చేసే సెవ్ర్ ఒప్పందం మీద ఆ ప్రభుత్వ ప్రతినిధులు సంతకం పెట్టారు. ఫారూక్ తండ్రి అబ్దుల్ మజీద్‌కు మాత్రం జాతీయవాదుల మీద అభిమానం. అంకారా ఆయన్ని అనటోలియాకు రమ్మని కబురు కూడా పంపింది. ఆయన కదల్లేదు. ఒక ఇంట్లో మామ ఒకవైపు, తండ్రి ఇంకోవైపు. నగర వీధుల్లో బ్రిటిష్ గస్తీ.

1921 ఏప్రిల్‌లో ఫారూక్ తెగించాడు. పెద్ద కూతురు నెస్లిషా పుట్టి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. మామకు చెప్పకుండా, బ్రిటిష్ వాళ్ల కంటపడకుండా ఓడెక్కి నల్ల సముద్రం ఒడ్డున ఉన్న ఇనెబొలు చేరాడు. ఆ ఊరి గురించి కొంచెం చెప్పుకోవాలి. పేరుకు రేవు గానీ, ఓడలు ఒడ్డుకు రాలేవు. సముద్రంలోనే ఆగుతాయి. పడవలవాళ్లు అలలకు ఎదురు తెడ్లు వేసుకుంటూ వెళ్లి సరుకు దింపుకోవాలి. ఇస్తాంబుల్ గిడ్డంగుల్లో పరాయి కాపలా కళ్లుగప్పి దొంగతనంగా తెచ్చిన తుపాకులు, తూటాలు, ఫిరంగి గుండ్లు ఈ పడవల్లోనే ఒడ్డుకు చేరేవి. అక్కడి నుంచి కస్తమోను కొండల మీదుగా అంకారా వైపు ఎడ్లబండ్ల మీద వెళ్లేవి. మగవాళ్లు యుద్ధంలో ఉంటే ఆ బండ్లను ఎక్కువగా తోలింది పల్లె ఆడవాళ్లే. ఆ పడవలవాళ్లకు తర్వాత టర్కీ పార్లమెంటు స్వాతంత్ర్య పతకం ఇచ్చింది.

వెర్డన్‌లో కాలిన మందుగుండు వాసన తెలిసిన ఒక యువ అధికారి, 23 ఏళ్లవాడు, ఆ ఒడ్డున దిగి నేనూ పోరాడతాను అన్నాడు. గ్రీకు సైన్యం మీద రెండో ఇనోను యుద్ధం గెలిచి అప్పటికి నెల కాలేదు. జాతీయ సైన్యానికి చదువుకున్న అధికారుల అవసరం చాలా ఉంది. జవాబు అంకారా నుంచి టెలిగ్రాంలో వచ్చింది. ముస్తఫా కెమాల్ మర్యాదగానే రాశాడు. దేశ ప్రయోజనాల దృష్ట్యా ప్రస్తుతానికి మీరు ఇస్తాంబుల్‌లో ఉండటమే మేలు, రాజవంశంలో అందరి సేవలూ అవసరమయ్యే రోజు వస్తుంది అన్నది దాని సారాంశం. ఫారూక్ వచ్చిన దారినే వెనుదిరిగాడు.

కెమాల్ లెక్క అర్థం కానిదేమీ కాదు. సైన్యంలో ఒక రాకుమారుడు ఉంటే గెలుపులో వాటా అడిగేది ఆ మనిషి ఒక్కడే కాదు, అతని వెనక ఉన్న గద్దె కూడా. పోరాటం నడిపేది పార్లమెంటు. దాని మధ్యలో ఒట్టోమన్ రక్తం వచ్చి నిలబడితే పాత విధేయతలన్నీ మళ్లీ లేస్తాయి. రాజకీయంగా అది సరైన నిర్ణయమే అనుకుంటాను. కానీ ఆ రోజు ఇనెబొలులో దిగిన మనిషి రాజ్యం అడగడానికి రాలేదు, సైనికుడిగా వచ్చాడు. మూడేళ్ల తర్వాత చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అయినా లెక్కలోకి తీసుకోలేదు. నన్ను బాధించేది అదే.

ఇస్తాంబుల్ తిరిగి వచ్చాక ఫారూక్‌కు మిగిలిన బహిరంగ పదవి ఒక్కటే, ఫెనర్‌బాచే ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడు. ఈ రోజు ఆ క్లబ్ మ్యాచ్ అంటే ఇస్తాంబుల్ సగం ఊగిపోతుంది. ఆక్రమణ రోజుల్లో దానికి ఇంకో అర్థం ఉండేది. ఈ క్లబ్ ఆటగాళ్లు బ్రిటిష్, ఫ్రెంచ్ సైనిక జట్లతో మైదానంలో తలపడేవారు. గెలిచినప్పుడల్లా ఊరంతా పండగ. 1923 జూన్ 29న బ్రిటిష్ సేనాని హారింగ్టన్ పేరు మీద పెట్టిన కప్పు పోటీలో ఫెనర్‌బాచే 2-1తో బ్రిటిష్ జట్టును ఓడించింది. రెండు గోల్సూ జెకీ రిజా కొట్టినవే. ఆ కప్పు ఇప్పటికీ ఆ క్లబ్ మ్యూజియంలో ఉంది.

ఆ మ్యాచ్ నాటికే రాజ్యం పోయింది. 1922 నవంబర్ 1న అంకారా పార్లమెంటు సుల్తాన్ పదవిని రద్దు చేసింది. 17న వహీదుద్దీన్ బ్రిటిష్ యుద్ధనౌక మలయా ఎక్కి వెళ్లిపోయాడు. ఆ వెంటనే పార్లమెంటు ఫారూక్ తండ్రి అబ్దుల్ మజీద్‌ను ఖలీఫాగా ఎన్నుకుంది. రాజ్యాధికారం లేని మతపెద్ద. ఆయన శుక్రవారం నమాజుకు గుర్రం మీద ఊరేగింపుగా వెళ్తుంటే చూడటానికి జనం గుమిగూడేవారు. అంకారాలో ఉన్నవాళ్లకు అది నచ్చేది కాదు. కొత్త రిపబ్లిక్‌కు ఎదురుతిరిగేవాళ్లంతా ఖలీఫా చుట్టూ చేరుతున్నారన్న భయం పెరిగింది.

ఆ భయానికి ఆజ్యం పోసింది భారతీయులే కావడం విచిత్రం. ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం నడిచిన రోజులవి. 1923 చివర్లో ముస్లిం నాయకులు ఆగాఖాన్, అమీర్ అలీ కలిసి ఖలీఫా గౌరవాన్ని కాపాడాలని కోరుతూ లండన్ నుంచి టర్కీ ప్రధాని ఇస్మెత్ పాషాకు లేఖ రాశారు. ఆయన చేతికి అందకముందే ఇస్తాంబుల్ పత్రికలు దాన్ని అచ్చేశాయి. మా ఇంటి వ్యవహారంలో బయటివాళ్ల జోక్యమేంటని అంకారా మండిపడింది. అచ్చేసిన సంపాదకులను విచారణకు నిలబెట్టింది. ఖలీఫాను కాపాడాలని రాసిన ఉత్తరమే ఆయన పదవికి ఎసరు పెట్టింది.

1924 మార్చి 3న 431వ నంబరు చట్టం వచ్చింది. ఖలీఫా పదవి రద్దు అన్నది దాని మొదటి మాట. తర్వాతి మాటలే ఫారూక్ లాంటివాళ్ల తలరాత రాశాయి. రాజవంశంలోని మగవాళ్లు, ఆడవాళ్లు, అల్లుళ్లు అందరికీ టర్కీ గడ్డ మీద ఉండే హక్కు శాశ్వతంగా పోయింది. పదిరోజుల్లో వెళ్లిపోవాలి. పౌరసత్వం రద్దు. స్థిరాస్తి ఉండకూడదు. పదిరోజులన్నది కాగితం మీద మాటే. ఖలీఫాకు ఒక్క రాత్రి కూడా ఇవ్వలేదు, రాకుమారులకు రెండు మూడు రోజులకు మించి ఇవ్వలేదు. ఆడవాళ్లకు, పిల్లలకు వారం పైచిలుకు. మొత్తం 150 మందికి పైగా ఈ చట్టం కింద దేశం వదిలారు.

రాజరికం పోయిన దేశాలు పాత రాజవంశాలను దూరంగా పెట్టడం టర్కీతో మొదలు కాలేదు. 1919లో ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ కుటుంబాన్ని బహిష్కరించింది. కానీ సింహాసనం మీద హక్కు వదులుకుని మామూలు పౌరుడిగా ఉంటానన్నవాళ్లను ఉండనిచ్చింది. ఫ్రాన్స్ 1886లో చేసిన చట్టం వంశపెద్దలకు, వాళ్ల నేరు వారసులకు వర్తించింది. టర్కీ చట్టంలో ఆ కిటికీ కూడా లేదు. సుల్తాన్ పక్షాన నిలిచినవాడూ, ఇనెబొలు దాకా వెళ్లి పోరాడతానన్నవాడూ ఒకటే. ఫారూక్ రెండో కూతురు హన్‌జాదే వయసు అప్పటికి ఆరు నెలలు. ఆ పాపా రాజ్యానికి ముప్పే అన్నట్టు లెక్క.

మార్చి 3 రాత్రి నగర గవర్నర్, పోలీసు అధికారి ఖలీఫా ఉండే డోల్మాబాచే భవనానికి వచ్చారు. భవనం చుట్టూ పోలీసులు, టెలిఫోన్ తీగలు కత్తిరించారు. తెల్లవారకముందే బయల్దేరాలన్నారు. సిర్కెజీ స్టేషన్‌లో రైలెక్కిస్తే జనం గుమిగూడతారని ఖలీఫా కుటుంబాన్ని కార్లలో ఊరికి దూరంగా చతాల్జా స్టేషన్‌కు తీసుకెళ్లారు. కార్లలో ఖలీఫా, ఆయన భార్యలు, కొడుకు ఫారూక్, పదేళ్ల దుర్రు షెహవార్, ఇంకా ఇద్దరు ముగ్గురు ఆంతరంగికులు. దారి బురద. రైలు రాత్రికి గానీ రాదు. ఆ పగలంతా వాళ్లు ఆ చిన్న స్టేషన్‌లో ఎదురుచూశారు. అక్కడి స్టేషన్ అధికారి ఒక యూదుడు. తన కుటుంబం ఉండే గదులు వాళ్లకు ఇచ్చి, టీ పెట్టించి ఆదరించాడు. ఖలీఫా కృతజ్ఞత చెబితే, స్పెయిన్ నుంచి తరిమేసినప్పుడు మా పూర్వీకులకు నీడనిచ్చింది మీ వంశమే, ఈ కష్టంలో మీకు సేవ చేయడం మా ధర్మం అన్నాడట. ఖలీఫా కార్యదర్శి రాసి పెట్టిన జ్ఞాపకం ఇది. ఆ మాటకు అందరికీ కళ్లనీళ్లు వచ్చాయట.

రైలు స్విట్జర్లాండ్ సరిహద్దు చేరాక ఇంకో చిక్కు. ఒకరి కంటే ఎక్కువ భార్యలున్నవాళ్లను ఆ దేశం రానివ్వదు. ఖలీఫాకు ఒకరి కంటే ఎక్కువే. కొంతసేపు ఆపి, చివరకు తాత్కాలికంగా అనుమతించారు. లేమన్ సరస్సు ఒడ్డున తెరితెలో ఒక హోటల్లో దిగారు. సబీహా ఇద్దరు పిల్లలతో వారం తర్వాత వచ్చి చేరింది. ఆ ఏడాదే కుటుంబం ఫ్రాన్స్‌లోని నీస్‌కు మారింది. అక్కడ బతుకు కొంచెం చవక, ఎండ కాస్తుంది, అప్పటికే కొందరు బంధువులూ ఉన్నారు.

నీస్‌లో ఈ కుటుంబం బతికింది నగల మీద, నిజాం పంపిన డబ్బుల మీద. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఖలీఫాకు నెలకు 300 పౌన్లు జీవితకాలపు భత్యంగా ఏర్పాటు చేశాడు. మిగతా బంధువుల్లో చాలామందికి అంత అండ లేదు. వహీదుద్దీన్ 1926 మే 16న ఇటలీలో సాన్ రెమోలో చనిపోతే అప్పులవాళ్లు ఇంటిని జప్తు చేయించారు. శవపేటికను కూడా కదలనివ్వలేదు. కుటుంబం ఎలాగో డబ్బు కూడగట్టి విడిపించుకుంది. 36వ ఒట్టోమన్ సుల్తాన్‌ను చివరకు డమాస్కస్‌లో ఖననం చేశారు. ఫారూక్ మూడో కూతురు నెజ్లా పుట్టింది కూడా ఆ మే నెలలోనే.

1931 నవంబర్ 12న నీస్‌లో జరిగిన పెళ్లిళ్ల గురించి హైదరాబాద్‌లో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు షౌకత్ అలీ మధ్యవర్తిత్వంతో నిజాం పెద్ద కొడుకు అజం జాతో 17 ఏళ్ల దుర్రు షెహవార్‌కు, రెండో కొడుకు మొఅజ్జం జాతో 15 ఏళ్ల నీలోఫర్‌కు నిఖా అయింది. కొత్త జంటలు ఇండియాకు బయల్దేరిన పిల్స్నా ఓడలోనే రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగి వస్తున్న గాంధీజీ కూడా ఉన్నాడు. చెల్లెలు ప్రపంచంలోకెల్లా ధనవంతుడి కోడలైంది. అన్నకు మాత్రం చేయడానికి ఏ పనీ లేదు. సైనికుడిగా చదివినవాడికి సైన్యం లేదు, దేశం లేదు, చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు కూడా లేదు. ప్రవాసంలో ఒట్టోమన్ మగవాళ్లను తినేసింది పేదరికం ఒక్కటే కాదు, ఈ ఖాళీతనం కూడా. అబ్దుల్ హమీద్ మనవడు మెహ్మద్ ఒర్హాన్ టాక్సీ నడిపాడు, అమెరికన్ సైనికుల శ్మశానంలో కాపలా ఉద్యోగం చేశాడు. కష్టమే గానీ అతనికి రోజూ వెళ్లడానికి ఒక పని ఉంది.

1930ల చివర్లో ఫారూక్ కుటుంబం ఈజిప్టు చేరింది. అక్కడ ఇంకా రాజరికం ఉంది, తుర్కు భాష మాట్లాడే రాజకుటుంబం ఉంది. ముగ్గురు కూతుళ్లూ అక్కడి రాకుమారులకే వెళ్లారు. నెస్లిషా భర్త అబ్దుల్ మునిమ్ ఈజిప్టు మాజీ ఖెదీవ్ (పాలకుడు) కొడుకు. 1952లో సైనిక అధికారులు ఈజిప్టు రాజు ఫారూక్‌ను (పేరు ఒకటే, మనిషి వేరు) గెంటేసి, పసివాడైన కొడుకును పేరుకు రాజును చేసినప్పుడు రాజ ప్రతినిధిగా కూర్చోబెట్టింది ఈ అబ్దుల్ మునిమ్‌నే. అదీ ఏడాది ముచ్చటే. 1953లో ఈజిప్టు కూడా రిపబ్లిక్ అయింది. తర్వాత నెస్లిషా దంపతులను కుట్ర ఆరోపణ మీద అరెస్టు చేశారు, ఆస్తులు పోయాయి, విడుదలయ్యాక దేశం వదిలారు. మూడేళ్ల పాపగా ఒకసారి, పిల్లల తల్లిగా ఇంకోసారి ఆమె దేశం విడిచిపోవాల్సి వచ్చింది.

ఫారూక్ సంసారం అంతకుముందే చెదిరింది. 1948లో సబీహాతో విడాకులయ్యాయి. అదే ఏడాది పెదనాన్న యూసుఫ్ ఇజ్జుద్దీన్ కూతురు మిహ్రిషా సెల్చుక్‌ను పెళ్లి చేసుకున్నాడు. అదీ 1959లో విడిపోయింది. ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకు రావడం కష్టం. సబీహా 28 ఏళ్లు అన్ని ఊళ్లూ తిరిగి, నగలు అమ్మి, ముగ్గురు ఆడపిల్లల్ని పెంచింది. ఆయన కోపం, వంశంలో పెద్దరికం గురించి బంధువులతో గొడవలు ఇంటిని అతలాకుతలం చేశాయి. ప్రవాసం మనుషుల్ని ఎప్పుడూ ఉదాత్తంగా మార్చదు, చాలాసార్లు విరిచేస్తుంది.

తండ్రి అబ్దుల్ మజీద్ 1944 ఆగస్టు 23న పారిస్‌లో పోయాడు. రెండు రోజుల్లో ఆ నగరం జర్మన్ల నుంచి విముక్తమైంది, ఆ హడావిడిలో ఒక ముసలి ఖలీఫా మరణం ఎవరికీ పట్టలేదు. ఇస్తాంబుల్‌లో ఖననం చేయాలన్నది ఆయన కోరిక. దుర్రు షెహవార్ నిజాం వారసుడి భార్యగా, బేరార్ యువరాణి హోదాలో టర్కీ వెళ్లి అధ్యక్షుడు ఇస్మెత్ ఇనోనును స్వయంగా కలిసి అడిగింది. అనుమతి రాలేదు. ప్రభుత్వం మారాకా రాలేదు. పదేళ్లు ఆ దేహం పారిస్ మసీదులోనే ఉంది. 1954లో మదీనాలో ఖననం చేశారు. తాను 2006లో లండన్‌లో కన్నుమూసినప్పుడు దుర్రు షెహవార్‌ను అక్కడికి దగ్గర్లోని బ్రూక్‌వుడ్‌లో ఖననం చేశారు. తన తండ్రికి చోటివ్వని నేలలో తనకూ వద్దన్నదని చెబుతారు.

1952 జూన్‌లో టర్కీ చట్టం సవరించి వంశంలోని ఆడవాళ్లను రానిచ్చింది. వారసత్వం మగవాళ్లదే కాబట్టి ఆడవాళ్లతో ముప్పు లేదనుకున్నారు. సబీహా ఇస్తాంబుల్ చేరింది, 1971లో అక్కడే పోయింది. మాజీ భార్య, కూతుళ్లు బోస్ఫరస్ చూడగలరు, ఫారూక్ చూడలేడు. ఆయన కైరోలో ఒంటరిగా ఉన్నాడు. అప్పటికి టర్కీలో బహుళ పార్టీల ఎన్నికలు, ప్రభుత్వాలు కూలడం, సైనిక జోక్యాలు అన్నీ అయ్యాయి. సింహాసనం తిరిగి తేవాలని అడిగే పార్టీ ఒక్కటీ లేదు. 1924లో ఆ భయానికి ఒక అర్థం ఉంది. 1960లలో, ఏడు పదులు దగ్గరపడిన ఒక మనిషి సొంత ఊరు చూస్తానంటే ఏ రిపబ్లిక్ కూలిపోతుంది? పాత చట్టం ఎత్తేయడానికి ఎవరికీ తొందర లేదు, అంతే. అలా 1969 మార్చి 28న ఒమర్ ఫారూక్ కైరోలో చనిపోయాడు.

1974లో, రిపబ్లిక్ 50 ఏళ్ల సందర్భంగా ఇచ్చిన సాధారణ క్షమాభిక్షలో మగవాళ్ల మీద నిషేధమూ తొలగింది. క్షమాభిక్ష అంటే నేరం చేసినవాళ్లకు ఇచ్చేది. వీళ్లకూ ఆ మాటే వర్తించింది. ఫారూక్ అప్పటికి పోయి ఐదేళ్లు. 1977లో ఆయన అవశేషాలను కైరో నుంచి ఇస్తాంబుల్ తీసుకొచ్చారు. నిషేధం లేకపోయినా భయం పోలేదు. ఎవరికీ తెలియకుండా, రాత్రిపూట, దివాన్‌యోలు వీధిలో ఉన్న ముత్తాత రెండో మహ్మూద్ సమాధి ఆవరణలో పూడ్చారు.

అదే ఆవరణకు 2009 సెప్టెంబర్‌లో ఇంకో ఒట్టోమన్ శవపేటిక వచ్చింది. అబ్దుల్ హమీద్ మనవడు ఎర్తుగ్రుల్ ఉస్మాన్. 1924లో వియన్నాలో చదువుకుంటున్న ఈ పిల్లాడికి ఇంటికి రావద్దని కబురు అందింది. తర్వాత న్యూయార్క్‌లో, లెక్సింగ్టన్ అవెన్యూలో కింద అంగడి ఉన్న ఒక చిన్న అద్దె ఇంట్లో దశాబ్దాలు గడిపాడు. ఏ దేశం పాస్‌పోర్టూ తీసుకోలేదు. 1992లో మొదటిసారి ఇస్తాంబుల్ వచ్చి, తాతల భవనాన్ని మిగతా టూరిస్టుల గుంపుతో కలిసి చూశాడు. 2004లో టర్కీ పౌరసత్వం వచ్చింది. 97 ఏళ్లకు కన్నుమూస్తే సుల్తాన్ అహ్మద్ మసీదులో పట్టపగలు అంత్యక్రియల నమాజు జరిగింది. వేలమంది వచ్చారు, మంత్రులు వచ్చారు, శవపేటిక మోయడానికి జనం పోటీపడ్డారు. రిపబ్లిక్‌కు ఏమీ కాలేదు. ఫారూక్‌ను అక్కడికి తెచ్చి అప్పటికి 32 ఏళ్లు.